రాజు వచ్చిండు సరే, ఎవర్ని అడిగి వచ్చిండు?

(ఓరుగల్లు నుంచి పోయిన నలుగురు మిత్రుల పక్షాన, తెనాలి దగ్గరి కొలకలూరులో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఓరుగల్లు నుంచి వచ్చిన నలుగురం. అందరం ఒక్కసారే మాట్లాడితే సభ నడవది కనుక ఒక్క గొంతుతోని మాట్లాడుతున్నం. మాటలో ఏదన్న తప్పు దొర్లితే అది నలుగురిదీ అనుకోండ్రి. వరంగల్లులో రైలెక్కితే నడుమ మారకుంట తెనాలిలో దిగొచ్చు. గింత దగ్గర. అయినా మేము బయలెల్లుతున్నమని తెలిసి మా వాళ్లు అడిగిన మాట ఏందంటే, 'తెలంగాణ కోసం ఇన్నేండ్లు కొట్లాడినోళ్లు గుంటూరు జిల్లాకు పోయి ఏం మాట్లాడుతరు?' అని. ఇక్కడ స్టేషన్ల దిగినంక మీ ఊరాయన ఒకరు అడిగింది కూడా అదే మాట. రెండు దిక్కుల నుంచీ ఒకే ప్రశ్న వచ్చిందంటే మాట్లాడాల్సింది ఏదో ఉన్నట్టే కదా.

మీది నాటకాల ఊరు. కొలకలూరు పేరు పరిషత్తుల కరపత్రాల మీద చూసినోళ్లమే మేమందరం. రంగస్థలం మీద రాజు రావడం ఎట్లుంటదో మీకు మేము చెప్పే పని లేదు. రాజు రాకముందే వస్తున్నడని కేక వినపడ్తది. భటులు వస్తరు, దారి ఇడిపిస్తరు, అప్పుడు రాజు వస్తడు. ఆ వేషం కట్టినాయనకు ఆ రాత్రంత మర్యాద. తెల్లారితే మళ్లా చేనుకో ఆఫీసుకో పోవాలె. అది ఆట అని కట్టినాయనకు ఎరుకే, చూసినోళ్లకూ ఎరుకే. చిక్కు ఎక్కడ వస్తదంటే, సర్కారే ఆట కట్టించి, అది ఆట కాదు చరిత్ర అని చెప్పినప్పుడు వస్తది.

2022 జూలై 7న మా ఓరుగల్లుకు రాజు వచ్చిండు. తెలంగాణ ప్రభుత్వం ఆ రోజు నుంచి 13వ తేదీ దాంక 'కాకతీయ వైభవ సప్తాహం' జరిపింది. ముఖ్య అతిథి బస్తరు రాజవంశానికి చెందిన కమల్ చంద్ర భంజ్‌దేవ్. 1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లును కొట్టినంక ప్రతాపరుద్రుడు బందీ అయిండు, ఢిల్లీకి తీస్కపోతుంటే నర్మద ఒడ్డున ప్రాణం ఇడిచిండు. ఆయన తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తరు అడవులకు పోయి రాజ్యం పెట్టిండని ఆ వంశం చెప్పుకునే చరిత్ర. దంతెవాడలో 1703 నాటి శాసనం కూడా ఆ మాటే చెప్తది. అంటే ఏడు వందల ఏండ్లకు కాకతీయుల ఇంటి పిల్లగాడు పుట్టింటికి వచ్చినట్టు. మంత్రులు ఎదురువోయిన్రు. భద్రకాళి గుడిలో పూజలైనయి. ఊరంత జెండాలు, తోరణాలు.

మేము సుత చూసెటందుకు పోయినం. అబద్ధం ఎందుకు చెప్పాలె, మా కండ్లల్ల కూడా నీళ్లు తిరిగినయి. ఆ కోట రాళ్ల మీద ఆడుకోని పెరిగినోళ్లం. పాఠ్యపుస్తకాల్ల మా ఊరికి మూడు పేజీలు దొరకక మొకం మాడ్చుకున్నోళ్లం. మా పేరు చెప్పి డప్పులు కొడ్తుంటే గుండె ఎందుకు పొంగదు? అయితే పొంగిన గుండె ఇంటికి వచ్చినంక సల్లబడ్తది. సల్లబడినంక వచ్చిన ఆలోచనలే ఇయ్యాల మీ ముందట పెడ్తున్నం.

కొంతమంది అప్పుడు ఒక ఎత్తిపొడుపు మాట అన్నరు. ఈయన భంజ్ వంశమాయన, ఒడిశా మయూర్‌భంజ్ వాళ్లు, కాకతీయుడు ఎట్లయితడు అని. అది మాకు నచ్చలేదు. బస్తరు రాణి ప్రఫుల్ల కుమారీ దేవి మయూర్‌భంజ్ అల్లుణ్ని చేసుకున్నది కనుక ఆ పేరు వచ్చింది. బిడ్డ దిక్కు నుంచి వంశం నడిస్తే అది వంశం కాదా? మా రుద్రమదేవి తన బిడ్డ ముమ్మడమ్మ కొడుకునే గద్దె మీద కూసోబెట్టింది, ఆయనే ప్రతాపరుద్రుడు. ఓరుగల్లులో నిలబడి ఆ ప్రశ్న వేసుడు అన్యాయం. మా ప్రశ్న వేరే ఉన్నది.

రాజు మీ దిక్కు కూడా వచ్చిండు

ముందుగాల మీ నేల సంగతి. కాకతీయ రాజు రావడం మీ తాతలు కూడా చూసిన్రు, ఎనిమిది వందల ఏండ్ల కింద. అప్పుడు డప్పులు లేవు, ఏనుగులున్నయి.

ఈ నేల పేరు వెలనాడు. చందవోలు రాజధానిగ వెలనాటి చోడులు ఏలినరు. ఇప్పుడు చందోలు అంటున్నరు, 2022 ఏప్రిల్‌ల కొత్త జిల్లాలు వచ్చినంక అది బాపట్ల జిల్లాల పడ్డది. 1199లో గణపతిదేవుడు గద్దెనెక్కిన కొద్ది ఏండ్లకే బెజవాడ మీదికి వచ్చిండు, దివిసీమ మీదికి పోయిండు, వెలనాటి పృథ్వీశ్వరుణ్ని ఓడగొట్టిండు. దివిని ఏలేటి అయ్య వంశం వాళ్లతోని యుద్ధమయినంక వియ్యమందిండు. నారమ్మ, పేరమ్మ అని ఇద్దరక్కచెల్లెండ్లను పెండ్లి చేసుకున్నడు. వాళ్ల తమ్ముణ్ని ఓరుగల్లుకు తోలుకపోయి ఏనుగుల దళానికి అధిపతిని చేసిండు. ఆ తమ్ముని పేరు జాయపుడు. మీరు జాయప సేనాని అంటరు, మేమూ అట్లనే అంటం.

ఆ జాయపుడు చేబ్రోలులో శాసనాలు వేయించిండు, తండ్రి పేరు మీద చోడేశ్వరాలయం కట్టించిండు. ఆ చేబ్రోలు మీ ఊరికి ఎంత దూరమో మాకంటె మీకే బాగా ఎరుక. 1253-54లో సంస్కృతంల 'నృత్తరత్నావళి' రాసిండు. ఎనిమిది అధ్యాయాలు. సగం మార్గ నృత్యం, సగం దేశి. పండితులు రాసేది మార్గమే, ఆయన కింద కూసోని జనం ఆడే ఆటలను సుత రాసిండు. పేరిణి, గొండ్లి, కోలాటం అసొంటివి అండ్ల ఉన్నయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు దాన్ని తెలుగుల పెట్టిన్రు. నటరాజ రామకృష్ణ గారు ఆ పుస్తకం ఒక చేత్తో పట్టుకోని, రామప్ప గుడి రాతి బొమ్మలు ఇంకో దిక్కు చూసుకుంట, పేరిణి శివతాండవాన్ని మళ్లా లేపి నిలబెట్టిన్రు.

ఇప్పుడు పేరిణి మా తెలంగాణ గర్వం. సర్కారు సభ ఏదైనా పేరిణి లేకుంట మొదలు కాదు. రామప్పకు 2021 జూలై 25న యునెస్కో గుర్తింపు వచ్చిన్నాడు మేము మిఠాయిలు పంచుకున్నం. ఆ పేరిణికి గ్రంథం రాసినాయన దివిసీమల పుట్టి, చేబ్రోలుల గుడి కట్టినోడు. ఈ మాట మేము ఉద్యమంల ఉన్నప్పుడు వేదికల మీద చెప్పలేదు. తెలువక కాదు. చెప్తే వాదన బలహీనమైతదేమో అని జంకినం. అది మా తప్పే, ఇయ్యాల మీ ఊళ్లె ఒప్పుకుంటున్నం.

మీ దిక్కు కూడా ఒక తప్పున్నది, అది సుత చెప్తం, కోపం చేయకుండ్రి. విశాలాంధ్ర కావాలన్న రోజులల్ల మీ పెద్దలు ఏమన్నరు? 'కాకతీయులు తెలుగు నేలనంత ఏకం చేసిన్రు, మనం మళ్లా ఏకం చేస్తున్నం' అన్నరు. ఓరుగల్లును ఆంధ్రనగరి అన్నరని పాత కావ్యాలు తీసి చూపిచ్చిన్రు. కరెక్టే, అన్నరు. కానీ గణపతిదేవుడు వెలనాటికి సంతకాలు పెట్టిచ్చుకోని రాలేదు, ఏనుగుల మీద వచ్చిండు. ఓడిపోయినోణ్ని ఒకటైండని అనుడు విజేతకు అలవాటు. 1213లో మీ వెలనాడును అడగలేదు. 1956లో మా తెలంగాణను అడగలేదు.

ఫజల్ అలీ కమిషన్ 1955లో చెప్పింది ఏంది? హైదరాబాద్ రాష్ట్రాన్ని ఇప్పటికైతే వేరుగనే ఉంచుండ్రి, 1961 ప్రాంతంల ఎన్నికలైనంక అక్కడి శాసనసభల మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటెనే కలుపుండ్రి అన్నది. అంటే అడిగి కలుపుమన్నది. అడగకుంటనే 1956 నవంబర్ 1న కలిపిన్రు. ఫిబ్రవరి 20న చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందం కాగితం మీద ఉన్నది, అమలు ఎట్లున్నదో 1969లో మా విద్యార్థులు రోడ్డెక్కినప్పుడు తెలిసింది. 1985లో 610 జీవో వచ్చిందంటే, ఒప్పందం తుంగల తొక్కిన్రని సర్కారే ఒప్పుకున్నట్టు కదా. ఇక్కడ ఉద్యోగులు కొందరున్నరు, వాళ్లకు ఆ నంబరు ఇప్పటికీ మర్చిపోయేటిది కాదు.

మీకూ తెలుసు ఆ బాధ. 1972 అక్టోబర్‌ల ముల్కీ నిబంధనలు చెల్లుతయని సుప్రీంకోర్టు అన్నంక, మీ దిక్కు విద్యార్థులు, ఎన్జీవోలు జై ఆంధ్ర అని లేచిన్రు. మా రాష్ట్రం మాకియ్యుండ్రి అన్నరు. అప్పుడు గనక మీ మాట, మా మాట కలిసి వినుంటే నలభై ఏండ్ల పంచాయితీ తప్పేది. ఆరు సూత్రాలు పెట్టి రెండు నోళ్లూ మూయించిన్రు.

ఇంకో మాట కూడా దాయం. 2014ల మీకు అడగలేదన్న కోపం ఉన్నది. జనవరి 30న మీ మెజారిటీ ఉన్న అసెంబ్లీ బిల్లును తిప్పి పంపింది, ఫిబ్రవరి 18న లోక్‌సభ తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆపి పాస్ చేసిన్రు. విభజన న్యాయమని మేము ఇప్పటికీ అంటం, ఆ మాటల ఇసుమంత వెనుకకు పోము. కానీ తలుపు మూసి చేసిన తీరు మంచిది కాదని అనడానికి మాకు నోరు రాకుంటె, 1956ను తప్పు పట్టే అర్హత మాకు ఉండదు.

మేడారంల వచ్చేది ఎవరు?

మళ్లా ఓరుగల్లుకు వద్దం. రాజు వచ్చిన ముచ్చట చెప్పినం. మా దగ్గర ఇంకో రాక ఉన్నది. అది రెండేండ్లకోసారి మాఘ పున్నమికి వస్తది. మేడారం జాతర.

కథ మీల చాలా మందికి తెలిసే ఉంటది. మేడారాన్ని ఏలే కోయ దొర పగిడిద్దరాజు, భార్య సమ్మక్క. కరువొచ్చింది, పంట లేదు, కాకతీయులకు కప్పం కట్టలేమన్నడు. ప్రతాపరుద్రుని సైన్యం వచ్చింది. పగిడిద్దరాజు పడ్డడు, బిడ్డ సారక్క పడ్డది, అల్లుడు గోవిందరాజు పడ్డడు. కొడుకు జంపన్న సంపెంగ వాగుల దుంకి ప్రాణం తీసుకున్నడు, అప్పటి నుంచి అది జంపన్న వాగు. సమ్మక్క దెబ్బలు తిని చిలకలగుట్ట దిక్కు నడిచి మాయమైంది. వెతికినోళ్లకు కుంకుమ భరిణె దొరికిందంటరు. దీనికి రాతి శాసనం లేదు. శాసనం వేయించేటోడు రాజు కదా, తాను కరువుల కప్పం కోసం ఆడబిడ్డల మీదికి పోయిన ముచ్చట ఎందుకు చెక్కిస్తడు? జనం నోట్ల పెట్టుకోని దాచిన్రు.

జాతర మొదలు చూడుండ్రి ఎట్ల నడుస్తదో. కన్నెపల్లి నుంచి సారక్క వస్తది. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు. తెల్లారి చిలకలగుట్ట మీద నుంచి సమ్మక్కను తీస్కొస్తరు. విగ్రహం లేదు, రథం లేదు. కోయ పూజారులు వెదురు కర్రలు, కుంకుమ భరిణె పట్టుకోని దిగుతరు. అప్పుడు జిల్లా ఎస్పీ తుపాకి గాల్లోకి పేల్చి వందనం చేస్తడు. లక్షల మంది ఒక్కసారి మొక్కుతరు. 1996ల అది రాష్ట్ర పండుగైంది.

ఇప్పుడు మీరే ఆలోచన చేయుండ్రి. ఒక్కటే సర్కారు. మాఘంల, రాజుకు కప్పం కట్టనని తిరగబడ్డ తల్లికి తుపాకి పేల్చి వందనం చేస్తది. ఆషాఢంల, ఆ కప్పం అడిగిన రాజు వారసునికి పూలదండ వేస్తది. రెండూ మా వైభవమే అంటది. మేము దీనిని ఎగతాళి చేస్తలేము. చరిత్ర గట్లనే ఉంటది, ఒక ఇంట్లనే కొట్టినోడు, దెబ్బ తిన్నోడు ఉంటరు. కానీ రాజు వచ్చిన ఆ వారంల ఎంత సేపు విన్నా వైభవమే వినవడ్డది గాని, కప్పం అన్న మాట ఒక్క వేదిక మీద మా చెవిల పడలేదు. మాకు కావాల్సింది ఆ మాట.

ఎందుకంటే తెలంగాణ ఉద్యమం మొత్తం ఆ మాట మీదనే నడిచింది. మా నీళ్లు, మా నిధులు, మా కొలువులు పోతున్నయన్నం. 2011 సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె చేసినం. ఉద్యోగులు జీతం లేకుంట ఉన్నరు, సింగరేణి కార్మికులు బొగ్గు ఆపిన్రు, కాకతీయ యూనివర్సిటీ పిల్లలు లాఠీలు తిన్నరు. ఆ యూనివర్సిటీకి 1976ల కాకతీయుల పేరు పెట్టిన్రు గాని, ఆ పిల్లలు తిరగబడ్డ తీరు మాత్రం సమ్మక్కదే. వాళ్లు పోరాడింది రాజును గద్దె మీద కూసోబెట్టేటందుకు కాదు.

బస్తరుల రథం దొంగతనం

అసలు ముచ్చట ఇప్పుడు చెప్తం. మా ఓరుగల్లుకు వచ్చినాయన ఊళ్లె రాజు రాక ఎట్ల జరుగుతదో తెలిస్తె, మా సర్కారుకు కొంచెం సిగ్గయితది.

జగదల్‌పూర్‌ల బస్తరు దసరా 75 రోజులు చేస్తరు. దేశంల ఇంత పొడుగు దసరా ఇంకెక్కడ లేదంటరు. రావణుని బొమ్మ కాల్చరు, అది దంతేశ్వరి తల్లి పండుగ. 15వ శతాబ్దంల పురుషోత్తమదేవుడు అనే రాజు పూరీ జగన్నాథుని దగ్గరికి పోయి రథపతి అన్న బిరుదుతోని తిరిగి వచ్చిండని, అప్పటి నుంచి ఈ రథం నడుస్తదని చెప్పుకుంటరు. అంటే రాజు ఊరికి మళ్లొచ్చిన ముచ్చటనే ఏటేటా ఆడుతరన్నట్టు.

కానీ ఆట ఎట్ల మొదలైతది? రాజు పోయి ఒక చిన్న పిల్లను అడగాలె. మిర్గాన్లని నేతపని చేసేటి కులం, ఆ ఇంటి ఆడపిల్ల మీద కాఛిన్ దేవి పూనుతది. ముండ్ల ఊయల మీద ఆ పిల్లను పండబెట్టి ఊపుతరు. రాజు చేతులు కట్టుకోని నిలబడి, తల్లీ దసరా చేసుకుంటం, సెలవియ్యి అని అడుగుతడు. ఆ పిల్ల ఊఁ అంటెనే పండుగ. తర్వాత హల్బా కులం పిల్లగాడు ఒకడు, జోగి, పండుగ నిర్విఘ్నంగ సాగాలని తొమ్మిది రోజులు గుంతల కూసోని ఉపాసముంటడు. రాజు పండుగ భారం ఆ పిల్లగాని మీద ఉంటదన్నమాట.

ఇంక విజయదశమి రాత్రి అసలు తమాషా. ఆదివాసులు రథాన్ని ఎత్తుకపోతరు. అవును, దొంగతనమే. అంత పెద్ద కర్ర రథాన్ని వందల మంది గుంజుకోని కుమ్హడాకోట్ అడవిల దాస్తరు. మాకు రాజు మీద అలక అంటరు. తెల్లారి రాజు అడివికి పోవాలె. వాళ్ల మధ్యల కూసోని కొత్త వడ్ల బువ్వ వాళ్లతోని కలిసి తినాలె. తిని బతిమిలాడుకుంటెనే రథం వాపస్ వస్తది. ఆ తర్వాత మురియా దర్బారు. ఊరూరి పెద్దలు వచ్చి మాకిది లేదు, మాకిది కావాలె అని మొకం మీదనే అడుగుతరు. ఒకప్పుడు రాజు వినేటోడు, ఇప్పుడు మంత్రులు, అధికారులు పోయి వింటున్నరు.

బస్తరు రాజులు దేవుళ్లని మేము అంటలేము. అక్కడ 1910ల భూమ్‌కాల్ లేచింది. అడవులు రిజర్వు చేసి మా పోడు, మా కట్టె మాకు కాకుంట చేసిన్రని గుండాధూర్ వెనుక ఆదివాసులు లేచిన్రు. తెల్లోళ్లు, సంస్థానం కలిసి అణచిన్రు. అండ్లనే మళ్లా ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ పుట్టిండు. గద్దె పోయినంక ఆదివాసుల దిక్కు నిలబడ్డడు, ఎమ్మెల్యే అయిండు, సర్కారుకు కంట్ల నలుసైండు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజమహల్‌ల పోలీసులు కాల్చి చంపిన్రు. ఆయనతోని పలువురు ఆదివాసులు సుత పోయిన్రు. మా ఓరుగల్లుకు వచ్చిన అతిథి ఇంటి చరిత్ర ఇది. ఆ వారం రోజుల్ల ప్రవీర్ చంద్ర ఫొటో ఒక్కటి పెట్టి, ఇదీ మీ కాకతీయుల కడపటి ముచ్చట అని చెప్తే, మా పిల్లలు వంద ఫ్లెక్సీల కన్న ఎక్కువ నేర్చుకుందురు.

చత్తీస్‌గఢ్ 2000 నవంబర్ 1న రాష్ట్రమైంది. మేము అప్పుడు, 'వాళ్లకిచ్చిన్రు, మాకెందుకియ్యరు?' అని ప్రతి సభల అడిగినం. ఇప్పుడు ఇంకో ప్రశ్న అడగాలనిపిస్తది. రాష్ట్రమొచ్చినంక బస్తరు ఆదివాసికి ఏమొచ్చింది? మా మేడారం దగ్గర కోయోళ్లకు ఏమొచ్చింది? పోడు పట్టా కోసం ఇంకా దరఖాస్తులు పట్టుకోని తిరుగుతున్నరు. ఇది మా ఇంటి ముచ్చట, మీ ఊళ్లె చెప్పుకునేది కాదేమో. కానీ చెప్పకుంట ఉండలేకపోతున్నం.

రాజును వద్దంటున్నరా అని మీరు అడుగుతరేమో. లేదు. రాజు పేరు మీద మిగిలింది ఏంది అన్నదే చూడాలంటున్నం. పాకాల, రామప్ప, లక్నవరం, గణపురం చెరువుల కింద ఇయ్యాలకూ వరి పండుతున్నది. 2015 మార్చిల సర్కారు చెరువుల పూడిక తీసే పనికి మిషన్ కాకతీయ అని పేరు పెట్టింది, 46 వేలకు పైన చెరువులున్నయని లెక్క చెప్పింది. ఆ పేరు మాకు నచ్చింది. ఎందుకంటే చెరువు కట్ట మీద రాజు పేరున్నా, కట్ట మోసిన తట్ట ఒడ్డెరోళ్లది, తూము ఎత్తి దించేది నీరటికాడు. మీ దిక్కు కలుజు అంటరు, మేము మత్తడి అంటం. నీళ్లు పొర్లితే పేరేదైనా పొలానికే పోవాలె. మీకు 1855 నుంచి కృష్ణ ఆనకట్ట ఉన్నది కాబట్టి చెరువు విలువ మా అంత తెలువదు. ఇది ఎత్తిపొడుపు కాదు, ఉన్న మాట.

మీ దగ్గరున్న శాసనాలల్ల కూడా మాకు నచ్చినవి ఉన్నయి. మోటుపల్లి రేవుల 1244 ప్రాంతంల గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం. ఇదివరకటి రాజులు తుఫానుకు చెడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంత గుంజుకునేటోళ్లు, మేము మాత్రం నిర్ణయించిన సుంకమే తీసుకుంటం అని అండ్ల ఉన్నది. రాజు తన చేయి తానే కట్టేసుకున్న కాగితం అది. మందడం పక్కన మల్కాపురంల 1261 నాటి రుద్రమదేవి కాలపు శాసనం చూడుండ్రి, ప్రసూతి శాల, వైద్యశాల, విద్యార్థులకు చదువు అన్నిటికీ భూమి రాసిచ్చిన లెక్క ఉన్నది. ఇప్పటి మీ సచివాలయం దానికి దగ్గరనే. అక్కడ పని చేసే ఉద్యోగులు ఎంతమంది పోయి చూసిన్రో మాకు తెలువది. మా సచివాలయం ఉద్యోగులు గోల్కొండకు ఎన్నిసార్లు పోయిన్రో అదీ తెలువది లెండి.

రాష్ట్ర చిహ్నం గొడవ మీరు పేపర్ల చదివే ఉంటరు. 2014ల పెట్టిన చిహ్నంల కాకతీయ తోరణం, చార్మినార్ ఉన్నయి. అవి రాచరికపు గుర్తులని 2024ల కొత్త సర్కారు తీసేస్తనన్నది, లొల్లి లేచింది, ఆగింది. మేము నలుగురం రైలుల దీని మీదనే కొట్లాడుకున్నం, ఖమ్మం దాంక. ఒకాయన తీసెయ్యాలన్నడు. మిగిలిన ముగ్గురం వద్దన్నం. ఆ తోరణం రాజు చెక్కలేదు. ఉలి పట్టినోని పేరు దాని మీద లేదు, అంతే తేడా. రాయి ఉండనియ్యుండ్రి, పేరు లేనోని గురించి కింద ఒక పలక పెట్టుండ్రి అన్నం. బెజవాడ వచ్చేసరికి ఆ ఒకాయన సగం ఒప్పుకున్నడు. మిగిలిన సగం వాపస్ పోయేటప్పుడు చూద్దం.

ఓరుగల్లుల మళ్లా రాజును పిలుస్తె ఎట్ల పిలవాలె అన్నదానికి మా దగ్గర ఒక ఆలోచన ఉన్నది. ముందుగాల మేడారం పోయి కోయ పూజారులను అడగాలె, ఆయన్ని పిలుస్తున్నం, మీకు సమ్మతమేనా అని. వాళ్లు ఊఁ అంటెనే పిలవాలె. వచ్చినంక భద్రకాళి గుడికి పోయే ముందు జంపన్న వాగు దగ్గరికి తోలుకపోవాలె. బస్తరుల ముండ్ల ఊయల ముందట నిలబడి అడిగే అలవాటున్న ఇంటి మనిషి ఆయన. ఆయనకు అది కష్టం కాదు, మా మంత్రులకే కష్టం. తర్వాత చేబ్రోలుకు తోలుక రావాలె, జాయపుని శాసనం చూపియ్యాలె. అప్పుడు మీరు పిలుస్తె మేమూ వస్తం. రాష్ట్రాలు రెండైనయి గాని, వియ్యం రద్దు చేస్తున్నమని ఏ చట్టంలనూ రాయలేదు.

ఇప్పటికే పొద్దు పోయింది. ముందు వరుసల చిన్న పిల్లలు నిద్రవోతున్నరు. రేపు పొద్దున ఆరింటికి మేము నలుగురం చేబ్రోలు పోతున్నం. ఆ శాసనం చదివి అర్థం చెప్పగలిగిన మాస్టారు ఎవరన్న మీల ఉంటే జర మాతోని రాండ్రి. ఆటోల ఇద్దరికి జాగ ఉన్నది.